సెల్ఫ్ తీసుకోవట్లేదా? బ్యాటరీ కొనే ముందు ఎర్త్ చూడండి

బండి సెల్ఫ్ తీసుకోకపోతే అందరం ముందు అనే మాట ఒకటే, బ్యాటరీ పోయింది. నేనూ అదే అనుకుని ఏడాదిన్నరలో రెండు బ్యాటరీలు మార్చాను. కొత్తది పెట్టిన కొన్నాళ్లు బాగుండేది, ఎందుకంటే కొత్త బ్యాటరీకి దమ్ము ఎక్కువ, దారిలో ఎంత పోయినా మోటార్‌కి చేరాల్సింది చేరేది. కాస్త పాతబడగానే మళ్లీ అదే వరస. పొద్దున్నే బటన్ నొక్కితే బరువుగా ఒక చుట్టు తిరిగి ఆగేది, ఒక్కోసారి టక్‌మని ఊరుకునేది. మూడోసారి సెల్ఫ్ మోటార్ కాయిల్ పోయిందన్నారు. అప్పుడు మల్టీమీటర్ పట్టుకుని కూర్చుని, బటన్ నొక్కి పట్టి బ్యాటరీ నెగెటివ్‌కీ ఇంజిన్ బాడీకీ మధ్య కొలిస్తే 2.8 వోల్టులు చూపించింది. అక్కడ ఉండాల్సింది 0.2 లోపు. బ్యాటరీ బాగుంది, మోటార్ బాగుంది, ఇంజిన్‌ని బ్యాటరీ నెగెటివ్‌కి కలిపే ఒక్క ఎర్త్ వైరు మోటార్‌కి అందాల్సిన వోల్టేజిని మింగేస్తోంది.

అందుకే ఈ వరుస రాస్తున్నాను. ఏ భాగం మార్చాలన్నా ముందు కొలవండి, అదీ బటన్ నొక్కి, కరెంటు పారుతున్నప్పుడు కొలవండి. ఊరికే ఉన్న వైరు ఏ రహస్యమూ చెప్పదు.

కరెంటు ఏ దారిన పోతుంది

సెల్ఫ్ మోటార్‌కి వచ్చే లావు వైరు ఒక్కటే ఉంటుంది, రెండోది ఎక్కడని వెతికినా కనపడదు. మోటార్ బాడీయే రెండో వైరు. బ్యాటరీ పాజిటివ్ నుంచి లావు వైరు రిలేకి (బటన్ నొక్కితే లావు దారిని కలిపే స్విచ్ ఇది), రిలే నుంచి మోటార్‌కి. మోటార్ లోపల తిరిగిన కరెంటు దాని బాడీలోంచి ఇంజిన్‌లోకి దిగి, ఇంజిన్ నుంచి ఎర్త్ వైరు పట్టుకుని బ్యాటరీ నెగెటివ్‌కి వస్తుంది. వెళ్లే దారి ఎంత ముఖ్యమో వచ్చే దారీ అంతే ముఖ్యం, కానీ మనం చూసేదంతా పాజిటివ్ వైపే.

కొన్ని బండ్లలో ఎర్త్ వైరు నేరుగా ఇంజిన్‌కి బిగిస్తారు, కొన్నిట్లో ఫ్రేమ్‌కి బిగిస్తారు. ఫ్రేమ్‌కి బిగించిన చోట కరెంటు ఇంజిన్ మౌంటింగ్ బోల్టుల గుండా రావాలి. ఆ బోల్టుల చుట్టూ పెయింట్, తుప్పు, కొన్నిసార్లు రబ్బరు బుష్‌లు. ఫ్రేమ్‌కి కొత్తగా పెయింట్ వేయించిన తర్వాత సెల్ఫ్ మొరాయించిందంటే మొదటి అనుమానం అక్కడే పడాలి.

ఇంకో సంగతి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఇంజిన్ ఎర్త్ పూర్తిగా తెగిపోతే కరెంటు ఊరుకోదు, దొరికిన దారి పట్టుకుంటుంది. క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ లోపలి ఉక్కు తీగలు ఇంజిన్‌ని హ్యాండిల్‌తో కలుపుతాయి కదా, సెల్ఫ్ కరెంటు వాటిలోంచి పోయి అవి కాలిపోతాయి. రెండు మూడుసార్లు బటన్ నొక్కాక క్లచ్ కేబుల్ వేడిగా తగిలినా, దాని తొడుగు కరిగిన వాసన వచ్చినా ఇక బటన్ ముట్టుకోకండి, ముందు ఎర్త్ వైరు వెతకండి.

చప్పుడు వినండి

మీటర్ తీసే ముందు బటన్ నొక్కినప్పుడు ఏం వినపడుతోందో గమనించండి. సగం పని చెవే చేస్తుంది.

టకటకటక అని వేగంగా కొట్టుకుంటే, రిలే పడుతోంది, మోటార్ కరెంటు లాగగానే వోల్టేజి కూలిపోతోంది, రిలే వదిలేస్తోంది, వదలగానే వోల్టేజి లేస్తోంది, మళ్లీ పడుతోంది. చార్జి లేని బ్యాటరీ, లేదా టెర్మినల్ దగ్గర లూజు. ముందుగా ఆ రెండు టెర్మినల్ బోల్టులు బిగువుగా ఉన్నాయో లేదో చేత్తో కదిపి చూడండి, చాలాసార్లు కథ అక్కడే ముగుస్తుంది.

ఒక్కటే టక్, ఆ తర్వాత నిశ్శబ్దం: రిలే పని చేసింది, లావు దారిలో ఎక్కడో ఆగింది. రిలే లోపలి కాంటాక్టులు కాలి ఉండొచ్చు, మోటార్ కార్బన్ బ్రష్‌లు (లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) అరిగి ఉండొచ్చు, ఎర్త్ తెగి ఉండొచ్చు. ఏదన్నది కింద కొలతల్లో తేలుతుంది.

అసలు చప్పుడే లేకపోతే ఇబ్బంది సన్న వైర్ల వైపు, దాని సంగతి తర్వాత చెప్తాను. ఇక మోటార్ గిర్రున తిరుగుతున్న శబ్దం వస్తూ ఇంజిన్ మాత్రం తిరగకపోతే అది కరెంటు జబ్బు కాదు, మోటార్ తిప్పుడుని ఇంజిన్‌కి అందించే లోపలి వన్ వే క్లచ్ జారుతోంది, మెకానిక్ ఇంజిన్ పక్క కవర్ విప్పాల్సిందే.

మల్టీమీటర్ లేకపోతే

కార్లకి వాడే జంపర్ కేబుల్ ఒక తీగ దొరికితే చాలు. బండి న్యూట్రల్‌లో పెట్టి, కేబుల్ ఒక కొన బ్యాటరీ నెగెటివ్‌కి, రెండో కొన ఇంజిన్ మీద పెయింట్ లేని బోల్ట్‌కి తగిలించి బటన్ నొక్కండి. ఇప్పటిదాకా మూలిగిన సెల్ఫ్ ఇప్పుడు హుషారుగా తిరిగిందంటే మీ జబ్బు ఎర్త్‌లోనే ఉంది, వేరే ఆలోచన అక్కర్లేదు. తేడా రాకపోతే పాజిటివ్ వైపో, బ్యాటరీయో, మోటారో చూడాలి. రెండు నిమిషాల పని, ఒక్క భాగం విప్పనక్కర్లేదు.

మీటర్ ఉంటే

మీటర్‌ని డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టండి. ఆంపియర్ల మీద పెట్టి సెల్ఫ్ కరెంటు కొలుద్దామని మాత్రం అనుకోకండి. చిన్న బండ్లలోనే పదుల ఆంపియర్లు పోతాయి, పెద్ద ఇంజిన్లలో వంద దాటుతుంది, మీటర్ లోపలి 10 ఆంపియర్ల ఫ్యూజ్ ఆ క్షణమే పోతుంది.

మొదట బ్యాటరీ. బండి రెండు మూడు గంటలు ఆగి ఉన్నాక తాళం ఆన్ చేయకుండా టెర్మినళ్ల మీద కొలిస్తే మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీకి 12.6 నుంచి 12.8 వస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సుమారు సగం, 12 లోపు అంటే ముందు చార్జింగ్ పెట్టి ఆ తర్వాతే మిగతా పని. ఆకలితో ఉన్న బ్యాటరీతో ఏ పరీక్ష చేసినా తప్పుడు జవాబే వస్తుంది.

ఇప్పుడు మీటర్ అక్కడే ఉంచి బటన్ నొక్కండి. ఈ ఒక్క అంకె చాలా చెప్తుంది. 9.6 కంటే కిందకి జారిపోతే బ్యాటరీకి బలం లేదు, లేదంటే మోటార్ ఏదో పట్టేసి మరీ ఎక్కువ లాగుతోంది. 10 పైన నిలబడి సెల్ఫ్ మాత్రం నీరసంగా తిరిగితే వోల్టేజి దారిలో పోతోంది, లేదా మోటార్ లోపల బాగోలేదు. టక్ మంది కానీ అంకె 12.5 దగ్గరే కదలకుండా ఉంటే అసలు కరెంటు పారడమే లేదు, దారి ఎక్కడో పూర్తిగా తెగి ఉంది.

తర్వాత ఎర్త్. మీటర్ నల్ల ప్రోబ్ (వైరు చివరి సూది) బ్యాటరీ నెగెటివ్ సీసం పోస్ట్ మీదే పెట్టాలి, బోల్ట్ మీదో క్లాంప్ మీదో కాదు, ఎందుకంటే పోస్ట్‌కీ క్లాంప్‌కీ మధ్యనే చిలుము పట్టి ఉండొచ్చు. ఎర్ర ప్రోబ్ ఇంజిన్ మీద మెరిసే లోహం కనపడే చోట, గట్టిగా ఒత్తి. బటన్ నొక్కండి. 0.2 లోపు వస్తే ఎర్త్ భేషుగ్గా ఉంది. 0.5 దాటితే బాగు చేయాలి. 10, 12 వోల్టులు చూపిస్తే ఎర్త్ పూర్తిగా తెగింది, కరెంటు మోటార్ గుండా ఇంజిన్ దాకా వచ్చి తిరిగి పోలేక నిలబడింది.

ఎక్కువ వచ్చిందనుకోండి, నల్ల ప్రోబ్ కదపకుండా ఎర్ర ప్రోబ్‌ని మెల్లగా వెనక్కి నడిపించండి. ఇంజిన్ లోహం మీద, తర్వాత ఎర్త్ బోల్ట్ తల మీద, తర్వాత వైరు కొసన బోల్ట్ దూరే లోహపు రింగు, అంటే లగ్ మీద, తర్వాత బ్యాటరీ వైపు లగ్ మీద, ప్రతిచోటా ఒకసారి బటన్. అంకె ఏ రెండు చోట్ల మధ్య ఒక్కసారిగా పడిపోయిందో దొంగ అక్కడే ఉన్నాడు. నాకు ఇంజిన్ మీద 2.8, బోల్ట్ మీద 2.8, లగ్ మీద 2.7, బ్యాటరీ వైపు లగ్ మీద 0.1 వచ్చింది. అంటే బోల్టుల్లో ఏ లోపమూ లేదు, రెండు లగ్గుల మధ్య వైరులోనే అంతా పోతోంది. పైకి ఆ వైరు నల్లగా, నున్నగా, ఒక్క పగులు లేకుండా ఉంది. ఇంజిన్ వైపు లగ్ దగ్గర తొడుగు బ్లేడుతో నిలువుగా చీల్చి చూస్తే లోపల రాగి ఎర్రగా లేదు, బొగ్గులా నల్లబడి, మధ్య మధ్య ఆకుపచ్చ చిలుము, వేలితో గీరితే పొడిపొడిగా రాలింది. నొక్కిన లగ్‌లోకి నీళ్లు చేరి తొడుగు కింద నుంచే పైకి పాకాయి. కొన్ని తీగలు మాత్రమే పట్టుకుని ఉన్నాయి.

దీన్ని ఓమ్‌ల మీద పెట్టి కొలిస్తే దొరుకుతుందా అంటే దొరకదు, నేను చాలాకాలం మోసపోయింది అక్కడే. లెక్క చూడండి. మోటార్ 60 ఆంపియర్లు లాగుతోంది అనుకుంటే 2.8 వోల్టులు పోవడానికి కావాల్సిన నిరోధం 0.05 ఓమ్ కంటే తక్కువ. మామూలు మీటర్ ప్రోబ్ వైర్లకే అంతకంటే ఎక్కువ నిరోధం ఉంటుంది. మీటర్ కీమని బజర్ కొట్టి వైరు బాగుందంటుంది, ఎందుకంటే అది పంపే కరెంటు అతి స్వల్పం, దానికి ఒక్క తీగ ఉన్నా సరిపోతుంది. బజర్ చెప్పేది తెగలేదని మాత్రమే, మోయగలదని కాదు.

పాజిటివ్ వైపు కూడా ఇదే పద్ధతి. ఎర్ర ప్రోబ్ బ్యాటరీ పాజిటివ్ పోస్ట్ మీద, నల్లది మోటార్ మీద లావు వైరు బిగించిన బోల్ట్ మీద. బటన్ నొక్కకముందు ఇక్కడ 12 వోల్టులు చూపిస్తుంది, కంగారు పడకండి, రిలే తెరుచుకుని ఉంది కాబట్టి అలాగే చూపించాలి. నొక్కాక 0.5 లోపుకి పడాలి. పడకపోతే రిలే రెండు లావు టెర్మినళ్ల మధ్య విడిగా కొలవండి. బటన్ నొక్కి ఉండగా అక్కడ ఒక వోల్టు మిగిలితే లోపలి కాంటాక్టులు కాలిపోయాయి, పూర్తి 12 మిగిలితే టక్ అన్నది ఉత్త చప్పుడే, కాంటాక్టులు కలవడం లేదు. రిలే మార్చండి.

ఒక్క జాగ్రత్త. కరెంటు పారకపోతే ఎర్త్ వైపు 0 వోల్టులు వస్తుంది, దాన్ని చూసి ఎర్త్ బాగుందని సంబరపడకూడదు. మోటార్ బ్రష్‌లు అరిగిపోయి లోపల తాకకపోయినా అదే సున్నా వస్తుంది. మోటార్ బోల్ట్ మీద, ఇంజిన్‌కీ దానికీ మధ్య పూర్తి 12 వోల్టులు ఉండి కూడా మోటార్ కదలట్లేదంటే అప్పుడే మోటార్ విప్పండి. విప్పే ముందు స్క్రూడ్రైవర్ పిడితో మోటార్ ఒంటి మీద మెల్లగా తడుతూ బటన్ నొక్కి చూడండి, తట్టినప్పుడు లేచి తిరిగితే బ్రష్‌లు చివరికి వచ్చినట్టే. చాలా మోటార్లకి బ్రష్ సెట్ విడిగా దొరుకుతుంది, మోటార్ మొత్తం మార్చనక్కర్లేదు.

బటన్ ఎప్పుడూ 5 సెకన్లకి మించి పట్టుకోకండి, మధ్యలో కాసేపు వదలండి, ఆ చిన్న మోటార్ త్వరగా కాగిపోతుంది. ఇంజిన్ స్టార్ట్ అయిపోయి కొలత కుదరకపోతే ఏమీ కాదు, ఆ రెండు సెకన్లలో వచ్చిన అంకె చాలు. ప్లగ్ క్యాప్ పీకేసి గాలిలో వదిలి మాత్రం సెల్ఫ్ కొట్టకండి, దిగాల్సిన చోట దిగని స్పార్క్ ఇగ్నిషన్ యూనిట్‌ని చెడగొడుతుంది.

టక్ కూడా రాకపోతే

ముందు ఇవి చూడండి: కిల్ స్విచ్, న్యూట్రల్ లైటు, క్లచ్ లివర్, సైడ్ స్టాండ్, మెయిన్ ఫ్యూజ్. స్కూటర్ అయితే బ్రేక్ పట్టుకున్నారా లేదా. ఫ్యూజ్‌ని కంటితో చూసి సరిపెట్టకుండా తీసి దాని కాళ్లు, అది కూర్చునే గూడు చూడండి, గూడు నల్లబడి కరిగి ఉంటే ఫ్యూజ్ మంచిదైనా లాభం లేదు. అన్నీ బాగుంటే రిలే మీది రెండు సన్న వైర్ల మధ్య 12 వోల్టుల చిన్న బల్బు పెట్టి బటన్ నొక్కండి. వెలిగితే రిలే కాయిల్ పోయింది. వెలగకపోతే రెండిట్లో ఒకటి రావట్లేదు, ఆ వైరు పట్టుకుని స్విచ్‌ల వైపు పోవాలి. కొన్ని బండ్లలో స్విచ్ పాజిటివ్‌ని కలుపుతుంది, కొన్నిట్లో ఎర్త్‌ని, కాబట్టి మీ బండి వైరింగ్ బొమ్మ దగ్గర పెట్టుకోండి. ఇక్కడ మీటర్ కంటే బల్బు నయం, చిలుము పట్టిన వైరు మీటర్‌కి 12 చూపిస్తుంది కానీ బల్బుని వెలిగించలేదు.

ఎర్త్ సరిచేయడం

బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర నెగెటివ్. నెగెటివ్ ఉండగా పాజిటివ్ విప్పుతుంటే స్పానర్ ఫ్రేమ్‌కి తగిలిందంటే నిప్పులే. ఉంగరాలు, ఇనుప గడియారాలు తీసేయండి. చార్జి అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో మంట వద్దు.

ఎర్త్ బోల్ట్ పూర్తిగా తీయండి, ఊరికే బిగించి వదిలేస్తే ఏ మార్పూ రాదు. లగ్ రెండు పక్కలా, బోల్ట్ మరలు, అది కూర్చునే చోటు, ఉప్పు కాగితంతోనో తీగ బ్రష్‌తోనో లోహం తళుక్కుమనే దాకా రుద్దండి. పెయింట్ ఉంటే లగ్ కూర్చునేంత మేర గీసేయండి. బ్యాటరీ టెర్మినళ్ల మీది తెల్లటి పూతని వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి బాగా ఆరనివ్వండి. పళ్ల వాషర్ పెడితే అది లోహంలోకి దిగి పట్టుకుంటుంది. బిగించండి, అల్యూమినియం మరల్లో మాత్రం బలం చూపించకండి, మర పోతే కొత్త పని మొదలవుతుంది. బిగించాక పైన గ్రీజు పూయండి. వానా కడుగుళ్లూ ఎక్కువైన బండ్లకి ఇది తప్పనిసరి, రాగీ అల్యూమినియమూ తడిలో కలిసి ఉంటే త్వరగా తినేసుకుంటాయి.

వైరే పాడైతే అదే లావుది లేదా ఇంకాస్త లావుది వేయండి, లగ్‌ని సరైన పనిముట్టుతో నొక్కించండి, కటింగ్ ప్లేయర్‌తో చిదిమితే ఏడాదిలో మళ్లీ నాలాంటి కథే. ఫ్రేమ్‌కి మాత్రమే ఎర్త్ ఉన్న బండికి బ్యాటరీ నెగెటివ్ నుంచి నేరుగా ఇంజిన్‌కి ఇంకో లావు వైరు వేస్తే నష్టమేమీ లేదు, లాభమే. కొత్త వైరు వేశాక నా బండిలో ఆ 2.8 కాస్తా 0.08 అయింది, అదే పాత బ్యాటరీతో.

లైట్ల పిచ్చి చేష్టలు

ఇండికేటర్ వేస్తే మీటర్ లైటు కూడా కొట్టుకోవడం, హారన్ నొక్కితే హెడ్‌లైట్ మందగించడం, బ్రేక్ పట్టుకుంటే పెట్రోల్ ముల్లు కదలడం, ఇవన్నీ ఒకే కుటుంబం. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న సన్న ఎర్త్ వైరు ఎక్కడో సరిగ్గా తగలట్లేదు, కరెంటు పక్క బల్బుల గుండా దారి వెతుక్కుంటోంది. సాధారణంగా హెడ్‌లైట్ వెనక కనెక్టర్లోనో, పెట్రోల్ ట్యాంక్ కింద వైర్ల కట్ట (హార్నెస్)లోనో ఉంటుంది. ఎర్త్ రంగు హోండాల్లో ఎక్కువగా ఆకుపచ్చ, యమహాల్లో నలుపు, సుజుకీల్లో నలుపు మీద తెల్ల గీత, కవాసాకీల్లో నలుపు మీద పసుపు గీత. ఆ వైరు నుంచి బ్యాటరీ నెగెటివ్‌కి, హెడ్‌లైట్ వెలుగుతుండగా కొలిస్తే 0.1, 0.2 దాటకూడదు.

అంతా అయ్యాక ఇంజిన్ నడుస్తుండగా, కాస్త రేజ్ చేసి బ్యాటరీ మీద కొలవండి, చాలా బండ్లలో 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. 13 దాటకపోతే చార్జింగ్ అవట్లేదు, 15 దాటితే చార్జింగ్ వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్‌నీ దాని ఎర్త్‌నీ చూడండి. ఇంజిన్ నడుస్తుండగా మాత్రం బ్యాటరీ వైరు పీకి చూడొద్దు, ఆ క్షణంలో ఎగిసే వోల్టేజికి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్) పోవచ్చు.

కొత్త బండ్లలో కొన్నిటికి విడిగా సెల్ఫ్ మోటార్ ఉండదు, కరెంటు పుట్టించే ఆల్టర్నేటరే చప్పుడు లేకుండా ఇంజిన్‌ని తిప్పుతుంది, దాన్ని ఈసీయూ నడిపిస్తుంది. వాటిలో టక్ అనే రిలే కోసం వెతకొద్దు, లావు టెర్మినళ్లు కలిపి చూడొద్దు. బ్యాటరీ, టెర్మినళ్లు, ఎర్త్ దాకా మాత్రం ఇదే పద్ధతి చెల్లుతుంది.

వచ్చిన అంకెలు ఒక చీటీ మీద తేదీతో రాసి సీటు కింద అతికించండి. వారం తర్వాత ఎర్త్ బోల్ట్ మళ్లీ ఒకసారి బిగువు చూసి, అదే చోట అదే కొలత తీసి పక్కన రాయండి.